కాలువకి వంతు ఉంది, గాలికి ఎందుకు లేదు?

మన ఎలెక్టివ్‌లలో అడ్‌హాక్ నెట్‌వర్క్స్ అని ఒకటుంది. అందులో సగం సబ్జెక్టు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. మధ్యలో టవర్ లేదు, రౌటర్ లేదు, చెప్పేవాడు లేడు. ఉన్నవన్నీ ఒకేలాంటి చిన్న రేడియోలు. అందరికీ కలిపి గాలి ఒక్కటే. ఎవరు ఎప్పుడు మాట్లాడాలి? పరీక్షలో దీన్నే 'హిడెన్ టెర్మినల్ సమస్యను పటం సహాయంతో వివరింపుము' అని అడుగుతారు. మూడు గుండ్రాలు గీసి, ఏ, బీ, సీ అని పేర్లు పెట్టి, రెండు బాణాలు వేసి వచ్చేస్తాం. మార్కులు పడతాయి. మర్నాటికి మర్చిపోతాం.

ఈ పాఠాన్ని మనం తప్పుగా చదువుతున్నామని నా అభిప్రాయం. తప్పు అంటే లెక్కల్లో కాదు. ఇదేదో అమెరికాలో పుట్టి, మనకి పీడీఎఫ్‌గా దిగిన వ్యవహారం అన్నట్టు చదువుతున్నాం. నిజానికి ఈ తగువు మన ఊళ్ళలో రోజూ జరిగేదే. ఇంకో మాట కూడా ఉంది, అసలు వాదన అదే: మన పొలాలకీ, మన తుపానులకీ పనికొచ్చే నెట్‌వర్క్‌లు కట్టాలంటే తోపులాట పద్ధతి చాలదు, వంతుల పద్ధతి కావాలి. మనం చేసే ప్రాజెక్టుల్లో తొంభై పాళ్ళు తోపులాట మీదే నడుస్తున్నాయి. ఎందుకంటే లైబ్రరీలో డిఫాల్ట్‌గా వచ్చేది అదే.

మాది ఉంగుటూరు. తాడేపల్లిగూడెం వైపుది కాదు, గన్నవరం పక్కది, కృష్ణా జిల్లాలోది. ఈ వివరం ఎందుకంటే క్లాసులో సగం మంది 'ఓ, ఏలూరు జిల్లానా' అంటారు. మా వైపు వరి, ఏలూరు కాలువ. హనుమాన్ జంక్షన్ దాటి పైకి వెళ్తే మెట్ట, బోర్లు, మామిడి తోటలు. అదంతా నూజివీడు వైపు. 2022లో జిల్లాలు విడగొట్టాక నూజివీడు ఏలూరు జిల్లాలో పడింది, మేము కృష్ణాలోనే ఉండిపోయాం. అమ్మమ్మగారి ఊరు ఆ మెట్టలో. అంటే నాకు కాలువ తగువూ తెలుసు, బోరు తగువూ తెలుసు. రెండూ మన సిలబస్‌లో ఉన్నాయి, పేర్లే వేరు.

ఇంగ్లీషు పుస్తకంలో చానెల్ అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. కాలువే. వాళ్ళ మాటలోనే నీళ్ళున్నాయి. మనం దాన్ని చానెల్ అని అలాగే ఉంచేసుకుని, టీవీ చానెల్ లాంటిదేదో అనుకుని, నీళ్ళ వాసన పోగొట్టుకున్నాం.

కాలువలో నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు ఎవరి తూము వాళ్ళది, ఎవరి బోదె వాళ్ళది. గొడవ లేదు. బ్యారేజీ దగ్గర నీళ్ళు తగ్గిన ఏడాది చూడాలి. ఎగువ రైతు ముందు కట్టేసుకుంటాడు, శివారు పొలానికి బురద మిగులుతుంది. అప్పుడు వంతులు పెడతారు: ఇన్ని రోజులు ఈ కాలువకి, ఇన్ని రోజులు ఆ కాలువకి, ఆ లోపల మళ్ళీ ఈ రాత్రి మీది, రేపు పగలు వాళ్ళది. వంతు పెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. వంతు లేకపోతే మాత్రం శివారు రైతుకి పంట ఉండదు. ఈ ఒక్క వాక్యం అర్థమైతే నెట్‌వర్క్ పాఠం సగం అయిపోయినట్టే.

ఇప్పుడు హవాయీ వెళ్దాం. 1971లో హవాయీ విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లని రేడియోతో కలిపింది. దానికి అలోహా అని పేరు పెట్టారు. పద్ధతి చాలా సింపుల్: చెప్పాల్సింది ఉంటే చెప్పెయ్. జవాబు రాకపోతే ఎవరిదో దానితో గుద్దుకుందని అర్థం, కాసేపు ఆగి మళ్ళీ చెప్పు. వంతూ లేదు, వరసా లేదు. అప్పటికి అది అద్భుతమే. కానీ దాని లెక్క క్రూరం. ఎంత బాగా నడిచినా గాలి సమయంలో 18.4 శాతానికి మించి పనికిరాదు. మిగతాదంతా గుద్దుకున్న మాటలు, లేదా ఖాళీ. అందరూ ఒకే గడియారం ప్రకారం గీత మీదే మొదలుపెడితే 36.8 శాతం. పరీక్షకి ఈ రెండు అంకెలూ అందరం బట్టీ పట్టాం. కానీ ఆ గ్రాఫ్ కుడివైపు భాగం ఎవరైనా సరిగ్గా చూశారా? లోడ్ పెరిగే కొద్దీ త్రూపుట్ ఒక చోట ఆగదు. కిందకి జారుతుంది. ఎక్కువ మంది మాట్లాడే కొద్దీ తక్కువ మాటలు చేరతాయి. అంటే, అవసరం బాగా ఉన్న రోజునే పడిపోయే పద్ధతి అది.

తర్వాత 1975లో క్లైన్‌రాక్, తోబాగి అనే ఇద్దరు 'మాట్లాడే ముందు విను' అన్న పద్ధతిని లెక్కగట్టారు. గాలి ఖాళీగా ఉందో లేదో విని, ఖాళీ అయితేనే పంపాలి. మన వైఫై కుటుంబమంతా దాని మనవలే. బాగుంది కదా, ఇంకేం సమస్య అంటారా? దీనికి జవాబు మావయ్య తోటలో ఉంది.

నూజివీడు మెట్టలో బోరు మోటార్లకి త్రీఫేజ్ కరెంటు రోజంతా ఉండదు, కొన్ని గంటలే ఇస్తారు. కరెంటు ఎప్పుడొస్తుందా అని రైతు కాపలా కాయలేడు కాబట్టి ఆటోస్టార్టర్ పెట్టుకుంటాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. ఒక్క రైతు పెట్టుకుంటే అది సౌకర్యం. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరూ పెట్టుకుంటే?

లెక్క వేద్దాం, మనం ఇంజనీర్లం కదా. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 415 వోల్టుల దగ్గర సుమారు 35 ఆంపియర్లు ఇస్తుంది. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఏడు, ఏడున్నర ఆంపియర్లు లాగుతుంది. నాలుగు మోటార్లంటే 30. సరిపోతుంది. కానీ ఇండక్షన్ మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో ఆరు రెట్లు దాకా లాగుతుంది. నాలుగూ ఒకేసారి లేస్తే 180 ఆంపియర్లు. వోల్టేజీ కూలిపోతుంది. వోల్టేజీ లేక ఏ మోటారూ త్వరగా స్పీడందుకోదు. అందుకోలేదు కాబట్టి ఆ ఎక్కువ కరెంటు ఇంకాసేపు లాగుతూనే ఉంటుంది. ఫ్యూజులు ఎగిరిపోతాయి, రోజూ ఇదే తంతు అయితే వైండింగ్‌లు వేడెక్కి ఎప్పుడో ఒకరోజు కాలిపోతాయి. ఒక వేసవిలో మావయ్య వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ రెండుసార్లు పోయింది. అదీ పిందె కాయగా మారే రోజుల్లో. నీళ్ళు అందక పిందె రాలితే ఆ ఏడాది లెక్క ఆ ఏడాదే తారుమారు. మామిడి చెట్టు మళ్ళీ ఏడాదికి గానీ ఇంకో అవకాశం ఇవ్వదు.

ఇక్కడ నాలుగు ఆటోస్టార్టర్లూ వింటూనే ఉన్నాయి, గమనించండి. లైన్లో కరెంటు ఉందా లేదా అని చూసుకునే లేస్తున్నాయి. అందరూ ఒకే సంకేతం కోసం ఎదురుచూసి, అది రాగానే ఒకేసారి పడితే వినడం వల్ల లాభం లేదు సరికదా, గుద్దుకోవడం ఖాయం అవుతుంది. పుస్తకంలో దీని పేరు వన్-పర్సిస్టెంట్ సీఎస్ఎంఏ. అంత కష్టమైన పేరు పెట్టకపోతే మావయ్య కూడా పాసయ్యేవాడు.

వాళ్ళు చేసిన పని చెప్తాను. నలుగురూ కూర్చున్నారు. ఆటోస్టార్టర్‌లో ఆలస్యం పెట్టుకునే చిన్న నాబ్ ఉంటుంది, ఎవరూ దాని జోలికి పోరు. దాన్ని ఒకరికి ఒక నిమిషం, ఇంకొకరికి రెండు, మూడు, నాలుగు అని తిప్పారు. అంతే. ట్రాన్స్‌ఫార్మర్ అదే, మోటార్లు అవే. అయితే అంత తేలిగ్గా తేలలేదు. ముందు ఎవరిది అన్న దగ్గర అరగంట పట్టింది. మూడు నిమిషాల తేడాకి నీళ్ళేం తరిగిపోవు, అయినా మొదటి నంబరు అందరికీ కావాలి. చివరికి నెలకోసారి మార్చుకుందామని ఒప్పుకున్నారు. ఇలాంటి దాన్ని మా క్లాసులో టీడీఎంఏ, రౌండ్ రాబిన్ అంటారని చెప్తే మావయ్య నవ్వి, "ఏమ్మా, దీనికి కూడా పుస్తకాలు రాశారా?" అన్నాడు. రాశారు మావయ్యా. అందులో బాగా పేరున్న ఒకటి మనవాళ్ళే రాశారు. వరంగల్ ఆర్‌ఈసీలో బీటెక్ చేసి ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ అయిన సి. శివరామమూర్తి గారు, బి. ఎస్. మనోజ్ గారితో కలిసి 2004లో అడ్‌హాక్ నెట్‌వర్క్‌ల మీద తెచ్చిన లావుపాటి పుస్తకం మన లైబ్రరీలో ఉంటుంది. వంతుల మీద ఎంత మంది ఎన్ని రకాలుగా బుర్ర పెట్టారో అందులో వరసగా కనిపిస్తుంది. దాన్ని పరీక్షకి కాకుండా ఒక్కసారి ఊరికే తిరగేయండి.

సరే, మోటార్లు నాలుగూ ఒకే లైను మీద ఉన్నాయి కాబట్టి ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలుస్తుంది. గాలిలో అదీ ఉండదు. అదే అసలు చిక్కు.

తోట పడమర చివర ఒక సెన్సర్, తూర్పు చివర ఒకటి, మధ్యలో మోటారు షెడ్డు దగ్గర ఒకటి పెట్టామనుకోండి. పాత మామిడి తోట గొడుగులా మూసుకుని ఉంటుంది. ఆకుల్లో నీరుంటుంది, నీరు రేడియో తరంగాల్ని మింగేస్తుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఇది మరీ ఎక్కువ. పడమర నోడ్ మాట షెడ్డుకి వినిపిస్తుంది, తూర్పు నోడ్‌ది కూడా వినిపిస్తుంది. కానీ ఆ చివర్లు రెండూ ఒకదానికొకటి వినపడవు. పడమర నోడ్ వింటుంది, గాలి ఖాళీ అనుకుంటుంది, మొదలుపెడుతుంది. తూర్పు నోడూ అంతే. షెడ్డు దగ్గర రెండూ కలిసి రొద అవుతుంది. ఇదే ఆ హిడెన్ టెర్మినల్. మూడు గుండ్రాల బొమ్మ కాదు, చెట్లున్న తోట.

1990లో ఫిల్ కార్న్ దీనికో మందు చెప్పాడు. ముందు 'పంపనా?' అని అడుగు, షెడ్డు 'పంపు' అనాలి, ఆ 'పంపు' అన్న మాట విన్న మిగతా వాళ్ళు నోరు మూసుకోవాలి. వైఫైలోకి కూడా ఇది వచ్చింది. పెద్ద ఫైళ్ళకి బాగుంటుంది. కానీ నేల తేమ ఎంత అని చెప్పే నాలుగు బైట్ల మాటకి ముందు ఈ మర్యాదలన్నీ ఎందుకు? అసలు కన్నా వడ్డీ ఎక్కువ. పైగా ఆ 'పంపనా' అనే మాటలు కూడా గుద్దుకోవచ్చు.

మన ప్రాజెక్టుల సంగతికి వద్దాం. ఈ మధ్య సగం బ్యాచ్‌లు 'స్మార్ట్ అగ్రికల్చర్' అంటున్నాయి, లోరా మాడ్యూల్ కొంటున్నాయి. మంచిదే. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, చెట్లలోంచి కూడా వైఫై కన్నా బాగా వెళ్తుంది. కానీ లోరావ్యాన్‌లో మామూలు నోడ్ ఎలా పంపుతుందో తెలుసా? ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు. అంటే 1971 నాటి అలోహానే. ఆ మాట డేటాషీట్‌లో పెద్ద అక్షరాలతో వేయరు కాబట్టి మనకి తట్టదు.

అంకెలు పెట్టి చూస్తే ఇలా ఉంటుంది. ఎక్కువ దూరం పోయే సెట్టింగ్‌లో చిన్న లోరా ప్యాకెట్ కూడా గాలిలో సెకనున్నర దాకా ఉంటుంది. ఒకే రేంజిలో 40 నోడ్లు, ఒక్కోటి 15 నిమిషాలకి ఒకసారి పంపుతుందనుకుందాం. మొత్తం 60 సెకన్ల మాటలు, 900 సెకన్ల గాలి. చూడ్డానికి ఎంత ఖాళీగా ఉందో కదా! అయినా అలోహా లెక్క ప్రకారం ఎనిమిదింట్లో ఒక ప్యాకెట్ పోతుంది. నోడ్లు 100 అయితే పోయేది 28 శాతం. బలమైన సిగ్నల్ ఒక్కోసారి గుద్దుకున్నా బతికి బయటపడుతుంది కాబట్టి నిజంగా కాస్త తక్కువే పోవచ్చు. కానీ పోయినవాటిని మళ్ళీ పంపితే లోడ్ పెరుగుతుంది, బ్యాటరీ తరుగుతుంది. ఇదంతా నోడ్లు వేర్వేరు సమయాల్లో లేస్తే. చాలా ప్రాజెక్టుల్లో కోడ్ ఒకటే, అన్నిటికీ ఒకేసారి పవర్ ఇస్తారు, అన్నీ ఒకే పావుగంటకి నిద్రలేస్తాయి. అంటే ఆటోస్టార్టర్లే.

అదే 40 నోడ్లకి వంతులు పెడితే? ఒక్కోదానికి సెకనున్నర మాట, అర సెకను వెసులుబాటు. మొత్తం 80 సెకన్లు. మిగతా 820 సెకన్లు అందరూ నిద్రపోవచ్చు. గుద్దుకోవడం అనేదే లేదు.

'డెమో రోజు బాగానే వచ్చింది కదా' అని మీరు అడగొచ్చు. డెమో రోజు టేబుల్ మీద మూడు నోడ్లు ఉంటాయి. కాలువ నిండుగా ఉన్న రోజు లాంటిది అది.

వంతు పద్ధతికి వంక లేదనను. మొదటిది గడియారం. అందరి టైమూ ఒకటే అయితేనే వంతు. మామూలు క్రిస్టల్ 20 పీపీఎం తేడా చూపిస్తే రోజుకి సుమారు 1.7 సెకన్లు జారుతుంది. అర సెకను వెసులుబాటు ఒక పూటకే చెల్లిపోతుంది. 2 పీపీఎం గడియారం చిప్ పెట్టుకుంటే రోజుకి 0.17 సెకను, అప్పుడు రోజుకోసారి షెడ్డు నుంచి 'ఇప్పుడు టైమ్ ఇంత' అని చెప్తే చాలు. రెండో వంక: వంతు వచ్చినవాడు పొలంలో లేకపోతే నీళ్ళు డ్రెయిన్‌లోకి పోతాయి. చెప్పేదేమీ లేని నోడ్ స్లాట్ కూడా అంతే. 2005లో వచ్చిన జెడ్-మ్యాక్ అనే పద్ధతి దీనికి ఊరి పరిష్కారమే చెప్పింది: వంతు ఉన్నవాడికి మొదటి హక్కు, వాడు రాకపోతే పక్కవాళ్ళు పోటీపడి వాడుకోవచ్చు. మా బోదె మీద ఇది ఏనాటి నుంచి ఉందో!

మూడో వంక అన్నిటికన్నా పెద్దది. వంతులు వేసేది ఎవరు?

కాలువ మీద లష్కర్ ఉంటాడు, నీటి సంఘం ఉంటుంది. సంఘంలో ఎవరి మాట చెల్లుతుందన్నది ఇంకో కథ. అడ్‌హాక్ నెట్‌వర్క్‌లో అసలు పెద్దమనిషే లేడని కదా మొదలుపెట్టాం. పైగా తోట పెద్దదైతే ఒకరి మాట అందరికీ వినపడదు. దూరంగా ఉన్న ఇద్దరు ఒకే స్లాట్‌లో మాట్లాడుకున్నా నష్టం లేదు. రెండు గెంతుల లోపల ఉన్నవాళ్ళు మాత్రం ఒకేసారి మాట్లాడకూడదు. ఈ షరతుతో అతి తక్కువ స్లాట్లలో అందరికీ వంతులు సర్దడం ఎంత కష్టమో 1990లోనే ఎఫ్రెమిడిస్, ట్రూంగ్ తేల్చారు. ఎన్‌పీ-కంప్లీట్. అంటే నోడ్లు పెరిగితే కంప్యూటర్ కూడా చేతులెత్తేస్తుంది.

ఇక్కడే నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది. 2001లో లిచున్ బావో, గార్సియా-లూనా-అసెవెస్ అనే ఇద్దరు ఒక పేపర్ రాశారు. ఎవరూ ఎవరితో మంతనాలు ఆడకుండా వంతులు తేల్చుకునే ఉపాయం అది. ప్రతి నోడ్‌కీ తన పక్కవాళ్ళ పేర్లు, వాళ్ళ పక్కవాళ్ళ పేర్లు తెలిస్తే చాలు. ప్రతి స్లాట్‌కీ ఒక నంబరు ఉంటుంది. పేరునీ స్లాట్ నంబరునీ కలిపి ఒక హ్యాష్ ఫంక్షన్‌లో వేస్తే ఏదో ఒక అంకె వస్తుంది. నేను నా అంకె లెక్కేసుకుంటాను, రెండు గెంతుల లోపల ఉన్న అందరి అంకెలూ కూడా నేనే లెక్కేసుకుంటాను. నాది అందరికన్నా పెద్దదైతే ఈ స్లాట్ నాది. కాకపోతే నోరు మూసుకుంటాను. అందరూ అదే ఫంక్షన్ వాడతారు కాబట్టి అవే అంకెలు వస్తాయి. ఊరంతా ఒకే చోట చేరకుండానే, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఒకే డబ్బాలోంచి చీట్లు తీసినట్టు.

ఇందులో నాకు నచ్చింది వేగం కాదు. లష్కర్‌ని మంచి చేసుకోవాల్సిన పని లేకపోవడం. 'ఈ వంతు వాడికెందుకు పోయింది' అని అనుమానం వస్తే ఎవరైనా మళ్ళీ లెక్క వేసి చూసుకోవచ్చు. శివారు రైతుకి నీళ్ళ కన్నా ముందు కావాల్సింది ఆ నమ్మకమే. తోపులాట పద్ధతిలో అది దొరకదు. వైఫైలో గుద్దుకున్నాక ఎంతసేపు ఆగాలన్నది ఎవరికి వారు వేసుకునే పాచిక. ఒకడు తన పాచికని కాస్త అరగదీసి ఎప్పుడూ తక్కువ సేపే ఆగితే, పక్కవాళ్ళ వంతు మెల్లగా వాడి జేబులోకి పోతుంది, ఎవరికీ తెలియదు కూడా. వంతుల పద్ధతిలోనూ మొండివాడు అడ్డొచ్చి మాట్లాడొచ్చు, కానీ దొరికిపోతాడు.

దీన్నీ గుడ్డిగా నెత్తిన పెట్టుకోవద్దు. హ్యాష్ అంటే లాటరీ. ఎనిమిది మంది పోటీలో ఉంటే సగటున ఎనిమిదింట్లో ఒక వంతు వస్తుంది, నిజమే. కానీ 24 స్లాట్లు గడిచినా ఒక్కటీ రాకపోయే అవకాశం 4 శాతం ఉంది. వరస వంతులో అయితే ఎనిమిదో స్లాట్‌కి వచ్చి తీరుతుంది. నేల తేమ చెప్పడం కాస్త ఆలస్యమైతే కొంప మునగదు. 'మోటారు ఆపు' అనే మాట ఆలస్యమైతే మునుగుతుంది. కాబట్టి కదలని నోడ్లున్న తోటకి నేనైతే మావయ్య వాళ్ళ నాబ్ పద్ధతికే ఓటేస్తాను. నోడ్లు కదులుతూ, వస్తూ పోతూ ఉండే చోట హ్యాష్ పద్ధతి.

అలా కదిలే చోటు ఎక్కడుంది అంటే, వరదలో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడూ, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడూ మనలో చాలామందికి ఒకటే అనుభవం: ఫోన్ చేతిలో ఉంది, అవతలివాళ్ళు దొరకలేదు. కరెంటు లేక టవర్లు, ఫోన్లు ఆరిపోవడం ఒక కారణం. మిగిలిన టవర్ మీద అందరూ ఒకేసారి పడటం ఇంకొకటి. ఫోన్‌కి టవర్ తర్వాత వంతులే ఇస్తుంది. పాత జీఎస్ఎంలో కూడా ఒక ఫ్రేముని ఎనిమిది వంతులు చేసి పంచేవారు. కానీ 'నేనున్నాను, నాకో వంతు ఇవ్వండి' అని టవర్‌ని మొదట అడగడం మాత్రం ఈ రోజుకీ అలోహా తరహాలోనే. గుమ్మం దగ్గరే తొక్కిసలాట.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ హ్యామ్ రేడియో. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారి బృందం అండమాన్‌లో ఉంది. వేరే పని మీద, హ్యామ్ సరదా మీద వెళ్ళారు. సునామీ వచ్చింది. మామూలు కమ్యూనికేషన్లు తెగిపోయిన చోట వాళ్ళ రేడియోలు సమాచారం చేరవేశాయి. హ్యామ్‌లు ఆపదలో నెట్ నడిపే పద్ధతి ఎప్పుడైనా వినండి. ఒకరు నెట్ కంట్రోల్‌గా కూర్చుంటారు. ఎవరు పిలిచినా ముందు పేరు నమోదు, తర్వాత వంతు. ప్రాణం మీదకొచ్చిన మాటకి మాత్రం వంతు దాటి దారి ఇస్తారు. మనుషులు, మైకు, క్రమశిక్షణ, అంతే. ఒకే ఫ్రీక్వెన్సీ మీద అంత మంది మాట్లాడుకోగలగడానికి కారణం ట్రాన్స్‌మిటర్ పవర్ కాదు.

పెద్ద కంపెనీలూ, ప్రమాణాల సంఘాలూ కూడా ఈ దారికే వచ్చాయి. సెన్సర్ నెట్‌వర్క్‌ల కోసం 2012లో వచ్చిన 802.15.4ఈలో కాలాన్ని స్లాట్లుగా కోసి, ఫ్రీక్వెన్సీలు మారుస్తూ వంతులేసే పద్ధతి ఉంది. వైఫై 6లో యాక్సెస్ పాయింట్ స్వయంగా ఎవరికి ఎంత అని పంచగలదు. తోపులాట తరానికి తాతలైన వాళ్ళే వంతు వైపు తిరుగుతుంటే మనం ఇంకా లైబ్రరీ డిఫాల్ట్ దగ్గరే ఆగిపోయాం.

అందుకే మన డిపార్ట్‌మెంట్‌కీ, ముఖ్యంగా వచ్చే ఏడాది ప్రాజెక్టులు చేసే జూనియర్లకీ ఒక మాట. నోడ్లు ఎన్ని, యాప్ ఎంత అందంగా ఉంది అని కాకుండా, పంపినవెన్ని, చేరినవెన్ని అని రిపోర్టులో మొదటి పేజీలో రాయండి. రెండు రకాలుగా చేయండి, ఒకసారి డిఫాల్ట్‌తో, ఒకసారి వంతులతో. టేబుల్ మీద కాదు, చెట్ల కింద. వైవాలో గైడ్ ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, సగం కాపీ ప్రాజెక్టులు అక్కడే ఆగిపోతాయి. (ఈ వాక్యం ఎడిటర్ ఉంచుతారో లేదో చూద్దాం.)

సాహితీ క్లబ్ పత్రికలో ఇదంతా ఎందుకు అన్నవాళ్ళకి కూడా: స్లాట్‌ని వంతు అందాం, గార్డ్ టైమ్‌ని వెసులుబాటు అందాం, రెండు హాప్‌లని రెండు గెంతులు అందాం. ప్యాకెట్‌నీ, నోడ్‌నీ అలాగే వదిలేద్దాం, అవి ఇప్పటికే మన మాటలైపోయాయి. ప్రతిదానికీ సంస్కృత సమాసం కట్టక్కర్లేదు. మావయ్యకి చెప్తే అర్థమయ్యే మాట చాలు.

పూత డిసెంబరు చివర్లో మొదలవుతుంది. అప్పటికి మావయ్య తోటలో 12 నోడ్లు పెట్టడానికి ఆయన ఒప్పుకున్నారు. ఒక షరతు మీద: కొమ్మలకి మేకులు కొట్టకూడదు. తాళ్ళతో కట్టుకుంటాం. 2 పీపీఎం గడియారాలు ఏడు ఉన్నాయి, ఇంకో ఐదు కావాలి. సోల్డరింగ్ వచ్చినవాళ్ళు, ఎండకీ చీమలకీ భయపడనివాళ్ళు శనివారం ల్యాబ్ దగ్గర కలవండి. ఎవరి నోడ్‌కి మొదటి వంతు అన్నది చీట్లు వేసి తేలుద్దాం.